షుమారు అని రాసే ధైర్యం

2023 కార్తీకంలో మా పెదనాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేయాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. వెయ్యి పున్నములు చూసినవారికి చేసే వేడుక అది. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులకు కాస్త ఎక్కువ. ఆ చొప్పున వెయ్యి పున్నములంటే 80 ఏళ్ల 10 నెలలు. లెక్క తేలికే, కానీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ఆ పుట్టినరోజే దొరకలేదు. తిరువూరు ఇంట్లో నవారు మంచం మీద కాగితాలన్నీ పరిచాం. బడి సర్టిఫికెట్లో 1943 జులై 1 అని ఉంది. ఆధార్ కార్డులో తేదీ లేదు, పుట్టిన సంవత్సరం 1945 అని మాత్రం ఉంది. గుమ్మంలో కూర్చుని వింటున్న మేనత్త ‘ఏందిరా ఆ లెక్కలు? వాడు వినాయక చవితి వెళ్లాక పుట్టాడు’ అంది. పది నిమిషాల్లో ఇంట్లో మూడు జట్లు తయారయ్యాయి. మాటా మాటా పెరిగి, వేడుక మానేద్దామనే దాకా వచ్చింది.

వంశవృక్షం రాయాలని కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి ఘట్టం ఒకటి వస్తుంది. తండ్రి తరం దాకా కలం సాఫీగా నడుస్తుంది. తాతల దగ్గరికి వచ్చేసరికి ఒక మనిషికి రెండు తేదీలు, మూడు సంవత్సరాలు దొరుకుతాయి. అక్కడ కొందరు చేతికి దొరికిన తేదీని గట్టిగా రాసేసి ముందుకు పోతారు. ఇంకొందరు విసుగొచ్చి నోట్‌బుక్ మూసేస్తారు. తెలిసినంత వరకు ఒప్పుకుని, తెలియనిదానికి హద్దులు గీసుకుని, ధైర్యంగా ముందుకు సాగే దారి మూడోది. దీన్ని నేను మా పెదనాన్నగారి లెక్కతోనే నేర్చుకున్నాను. మీరూ నేర్చుకోవచ్చు, ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

ముందు జులై 1 సంగతి. మన పెద్దల్లో ఈ తేదీన ‘పుట్టినవాళ్లు’ వీధికి నలుగురు కనిపిస్తారు. జూన్ 1 వాళ్లూ తక్కువేం కాదు. పిల్లవాణ్ణి బడికి తీసుకొచ్చినప్పుడు చేతిని తల మీదుగా వేసి అవతలి చెవి పట్టుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టే. పంతులుగారు ఆ సంవత్సరంలోంచి అయిదు తీసేసి, బడి తెరిచే రోజులకు దగ్గరగా ఒక తేదీ వేసి రిజిస్టరు నింపేవారు. ఇందులో మోసమేమీ లేదు. రిజిస్టరులో గడి ఖాళీగా ఉండకూడదు, తండ్రికి తెలిసింది తిథి, గడి అడిగేది ఇంగ్లిషు తేదీ. ఆ మధ్యలో నిలబడి పంతులుగారు పిల్లవాడికి చదువు దక్కేలా చూశారు. ఉద్యోగంలో ఏడాదో రెండేళ్లో ఎక్కువ ఉంటాడని వయసు తగ్గించి చెప్పిన తండ్రులూ ఉన్నారు. అలా రాసిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి పాకి, మనిషిని పదవీ విరమణ దాకా నడిపించింది. సర్వీసు రిజిస్టరులో ఎక్కిన తేదీని ఇష్టానికి మార్చుకునే వీలు లేకుండా మన రాష్ట్రంలో 1984లో నిబంధనలే వచ్చాయి.

కాబట్టి కాగితం మీది తేదీతో పోట్లాడకండి. ఆఫీసు పనికి అదే తేదీ, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఇంటి చరిత్రకు మాత్రం వేరే వరుస తెరవండి. ఆధార్ విషయంలోనూ ఇదే పద్ధతి. పత్రం చూపించలేని పెద్దలకు నోటిమాటగా చెప్పిన వయసు బట్టి అందులో సంవత్సరం వేశారు. వయసు తేల్చడానికి ఆధార్ ఒక్కటే చాలదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పెద్దలకు పుట్టినరోజు తెలియదు అనడం తప్పు. వాళ్లకు తెలుసు, వేరే లెక్కలో తెలుసు. నక్షత్రం తెలుసు, తిథి తెలుసు, వారం తెలుసు. సంవత్సరానికి పేరుంది. అరవై పేర్లు ఒక చక్రంగా తిరుగుతాయి. 1927లో ప్రభవ, 1987లో మళ్లీ ప్రభవ. ముత్తాత చిత్రభానులో పుట్టాడని ఎవరైనా అంటే అది 1882 కావచ్చు, 1942 కావచ్చు. ఆ రెంటిలో ఏదో మీరు తేలిగ్గానే తేల్చగలరు, ఎందుకంటే మధ్యలో రెండు మూడు తరాల దూరం ఉంటుంది. మన పెద్దలు కరువులకు కూడా సంవత్సరం పేరే పెట్టుకున్నారు. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832–33 కరువు నందన కరువు. దక్షిణ దేశాన్ని ఎండగట్టిన 1876–78 కరువు ధాత కరువు. ధాత కరువులో ఫలానా తాత వలస వచ్చాడన్న ఒక్క మాట మీ ఇంట్లో మిగిలి ఉంటే, 1876 మీ చేతికి దొరికినట్టే.

ఈ లెక్కను ఇంగ్లిషు తేదీలోకి మార్చేటప్పుడు జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. చిత్రభాను 1942 మార్చిలో మొదలై 1943 ఏప్రిల్ దాకా ఉంది. చిత్రభాను మాఘంలో పుట్టినవాళ్లది 1943 అవుతుంది, చాలామంది కళ్లు మూసుకుని 1942 రాసేస్తారు. రోజు కూడా సూర్యోదయంతోనే మొదలు. సోమవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డను పెద్దలు ఆదివారం పుట్టిందనే అంటారు. ఇక వయసు చెప్పే తీరు చూడండి. ‘ఎనిమిదో ఏడు పడింది’ అంటే ఏడేళ్లు నిండాయని అర్థం. వినేవాడు ఎనిమిది అని రాసుకుంటాడు, అక్కడే ఏడాది తేడా వచ్చింది. ముస్లిం కుటుంబాల్లో హిజ్రీ లెక్కన వయసు చెప్పి ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఆ సంవత్సరానికి 354 రోజులే కనుక 33 హిజ్రీ ఏళ్లు మన లెక్కలో 32 ఏళ్లకు దగ్గరగా తేలతాయి. క్రైస్తవ కుటుంబాలకు చర్చిలో బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటాయి. నోబుల్, ఫాక్స్ అనే మిషనరీలు 1841లో మచిలీపట్నంలో దిగినప్పటి నుంచి కృష్ణా జిల్లాలో మిషను పని సాగింది, కాబట్టి పాత రిజిస్టరు దొరికే అవకాశం ఉంది. అయితే అందులో ఉన్నది బాప్తిస్మం ఇచ్చిన తేదీయా, పుట్టిన తేదీయా అని ఒకటికి రెండుసార్లు చూడండి.

తద్దినాలు పెట్టే ఇళ్లలో ఒక విచిత్రం ఉంటుంది. పుట్టిన తిథి మరిచిపోయినా, పోయిన తిథి తరతరాలు నిలుస్తుంది. ఏటా ఆబ్దికం పెట్టాలి కనుక మాసం, పక్షం, తిథి నోటికి వచ్చి ఉంటాయి. సంవత్సరంతో ఆ కర్మకు పని లేదు కాబట్టి అది జారిపోయింది. అంటే మీకు దొరికేది సగం తేదీ. దాన్ని సగంగానే రాసుకోండి. మిగతా సగం వేరేచోట దొరుకుతుంది.

తిరువూరు వాళ్లకు ఈ పనిలో ఒక చిక్కు అదనంగా ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన చిక్కు కూడా. 1956 నవంబరు 1 దాకా మన ఊరికి అటువైపు వేరే రాజ్యం. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా, తర్వాత 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రం. అటు నైజాం, ఆపైన హైదరాబాద్ రాష్ట్రం. పేరుకు సరిహద్దే గానీ పెళ్లి సంబంధాలకు అడ్డేమీ లేదు. మధిర వైపు నుంచి, సత్తుపల్లి వైపు నుంచి కోడళ్లు వచ్చారు, మన పిల్లలు అటు వెళ్లారు. మన ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లో. కాబట్టి తిరువూరులో పెరిగి, ఇక్కడే పోయిన తాతగారు పుట్టింది నైజాంలో కావచ్చు. ఆయన కోసం ఇక్కడి రికార్డు ఎన్నిసార్లు తిప్పినా దొరకరు. ఆయన తల్లి పుట్టిల్లు ఏ ఊరో ముందు కనుక్కోండి. రెండు వైపులా భూమి లెక్కలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరంలోనే రాశారు. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1352 అంటే 1942. కానీ మనవైపు ఫసలీ జులైలో మొదలైతే, నైజాంలో అక్టోబరులో అజూర్ మాసంతో మొదలయ్యేది. మూడు నెలల తేడా. అటువైపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టే పెద్దమనిషిని వెతుక్కోండి, సిగ్గుపడకండి.

మనవైపు పుట్టుకల రిజిస్టరు రాయడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లోనే చట్టం వచ్చింది. పల్లెలో ఆ పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. బిడ్డ పుట్టగానే రాయించేవారు కాబట్టి అప్పటికి పేరు పెట్టి ఉండరు. ‘ఫలానావారికి మగ శిశువు’ అని ఒక్క వాక్యం ఉంటుంది. నలుగురు అన్నదమ్ములుంటే ఆ మగ శిశువు ఎవరో రిజిస్టరు చెప్పదు. పైగా తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. పుట్టుకల నమోదుకు దేశమంతటికీ ఒకటే చట్టం 1969లో వచ్చింది. 1984 జనవరిలో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. వాళ్ల ఇళ్లలో ఉన్న పుస్తకాలన్నీ ప్రభుత్వానికి చేరాయా, అటకల మీద చెదలు తిన్నాయా అన్నది ఊరూరికీ వేరే కథ. ఒక ఆఫీసులో నాకు ‘లభ్యం కాలేదు’ అని కాగితం ఇచ్చారు. అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు ఆ కాగితాన్ని కూడా ఫైల్లో జాగ్రత్తగా పెట్టాను. ఫలానా చోట వెతికాం, లేదు అన్నది కూడా మన తర్వాత వెతికేవాళ్లకు పనికొచ్చే సమాచారమే. అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడిగేటప్పుడు అచ్చంగా ఇలాంటి కాగితమే, తోడుగా పెద్దల ప్రమాణ పత్రాలు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇక్కడ నాకు నిజంగా గుండె బరువెక్కుతుంది. తాతల గురించి పది కాగితాలు దొరికిన ఇంట్లో నాయనమ్మ గురించి ఒక్కటీ దొరకదు. బడికి పంపలేదు, సర్టిఫికెట్ లేదు. భూమి ఆమె పేరున లేదు, దస్తావేజు లేదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, కొన్ని ఇళ్లలో పేరే మార్చారు. అయినా ఆమె వయసు తెలుసుకునే మార్గం ఉంది. పెద్ద బిడ్డ ఎప్పుడు పుట్టాడో చూడండి, చివరి బిడ్డ ఎప్పుడు పుట్టిందో చూడండి. ఆ రెండు చివరల మధ్య ఆమె వయసుకి హద్దులు దొరుకుతాయి. కాపురానికి వచ్చినప్పుడు ఆడపడుచు ఎంత పిల్లో అడగండి. ఆమె పుట్టింటివైపు వాళ్లను కలవండి, అక్కడ ఆమె ఇంకా చిన్నపిల్లే. ఆమె అన్నదమ్ముల మనవల దగ్గర మీకు తెలియని ముద్దుపేరు ఒకటి బయటపడొచ్చు.

ఈ చిక్కు మన ఇళ్లది మాత్రమే కాదు. జాతీయ జెండా రూపకర్తగా మనం చెప్పుకునే పింగళి వెంకయ్య కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు బిడ్డ. ఆయన పుట్టింది ఆగస్టు 2 అని అందరూ ఒప్పుకుంటారు. సంవత్సరం మాత్రం కొన్నిచోట్ల 1876, కొన్నిచోట్ల 1878. ఒకటి ధాత, రెండోది బహుధాన్య. దేశమంతా తలుచుకునే మనిషికే రెండేళ్ల తేడా ఉంటే, మీ ముత్తాతగారికి రెండేళ్లు అటూ ఇటూ అయిందని మీరు చిన్నబుచ్చుకోవాల్సిన పనే లేదు. సముద్రం దాటి వెళ్లినవాళ్లకూ ఇదే చిక్కు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు లక్షా యాభై రెండు వేలమందిని ఓడల్లో తీసుకెళ్లారు. ఆ ఓడల్లో మద్రాసు నుంచి కదిలినవాటిలో తెలుగువాళ్లు ఎందరో. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కులం రాశారు. పుట్టిన తేదీ లేదు, వయసు మాత్రం ఉంది. ఈనాడు డర్బన్ నుంచి వేర్లు వెతుక్కుంటూ వచ్చే మనవలకు ఉన్న ఆధారం ఆ ఒక్క అంకె, దాని పక్కన ఒక ఊరి పేరు.

అంకె చూసినప్పుడు ఒక జాగ్రత్త. వయసు తెలియనివాళ్లు సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకె చెబుతారు. ముప్పై, ముప్పై అయిదు, నలభై. జనాభా లెక్కలవాళ్లకు ఇది ఎంత మామూలంటే దాన్ని కొలవడానికి విప్పుల్ (Whipple) సూచిక అని ఒక కొలతే ఉంది. అందరూ సరిగ్గా చెబితే 100 వస్తుంది, అందరూ సున్నా, అయిదులే చెబితే 500 వస్తుంది. కాబట్టి పాత దస్తావేజులో వయసు 40 అని ఉంటే దాన్ని ముప్పై ఆరు నుంచి నలభై నాలుగు దాకా అని చదువుకోండి. ఆ దస్తావేజు రాసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ‘వయసు షుమారు 40 సంవత్సరములు’ అని రాశాడు. దస్తావేజు లేఖరి అంత నిజాయతీగా రాసిన షుమారును వంశవృక్షం రాసేటప్పుడు మనం కొట్టేస్తున్నాం.

మళ్లీ మా మంచం దగ్గరికి వద్దాం. జట్లన్నీ అరిచి అలిసిపోయాక అత్తయ్యను అడిగాను. ‘పెదనాన్న ఎప్పుడు పుట్టాడు?’ అని అడిగితే ‘చవితి వెళ్లాక’ అనే ఆగిపోతోంది. ప్రశ్న మార్చాను. ‘రజాకార్ల గొడవప్పుడు ఆయన ఎంతవాడు?’ అన్నాను. అంతే, ఆమె కళ్లు మెరిశాయి. నైజాం ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన కుటుంబాలు మా సావిట్లో దిగాయట. వాళ్లకు చెంబుతో మంచినీళ్లు అందించింది పెదనాన్నేనట. అప్పటికి ఆయన రెండో తరగతి. పంతులుగారు ‘ఇవాళ బడి లేదు, ఇంటి దగ్గర పని చూడు’ అన్నారట. రజాకార్ల గొడవను ముగించిన పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. రెండో తరగతి పిల్లవాడికి ఆరేళ్లన్నా నిండుతూ ఉండాలి. అంటే 1942 తర్వాత పుట్టే వీలు లేదు. బడి సర్టిఫికెట్లోని 1943 అక్కడే పక్కకు పోయింది, 1945 సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఎంత ముందు? 1959లో అన్నదమ్ముల పంపకాల దస్తావేజు ఒకటి ఇనప్పెట్టెలో దొరికింది. అందులో పెదనాన్నగారి పేరు పక్కన ‘మైనరు, గార్డియను తల్లి’ అని ఉంది. దస్తావేజు రాసింది మార్చి నెలలో. అప్పటికి పద్దెనిమిది నిండలేదు, కాబట్టి 1941 మార్చికి ముందు పుట్టలేదు. ఈ రెండు గోడల మధ్య చవితి వెళ్లిన రోజులు రెండే ఉన్నాయి. 1941 భాద్రపదం ఒకటి, 1942 భాద్రపదం ఒకటి. వృష సంవత్సరమో, చిత్రభానువో. అంతకు మించి ముందుకు పోవడానికి ఆధారం లేదు. ఆగాం. నోట్‌బుక్‌లో ‘షుమారు 1941–42, భాద్రపద మాసం, చవితి తర్వాత’ అని రాశాం. కింద ఎవరు చెప్పారో, ఏ కాగితం చూశామో రాశాం. 1941 నుంచి లెక్కపెట్టినా, 1942 నుంచి లెక్కపెట్టినా 2023 కార్తీకానికి వెయ్యి పున్నములు దాటిపోయాయి. వేడుక జరిపించాం. అరిచిన జట్లన్నీ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశాయి.

మీరు చేయాల్సిందీ ఇదే పని. తేదీ అడగకండి, జ్ఞాపకం అడగండి. ఆమె పుట్టినప్పుడు పెద్దన్నయ్య నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా? జొన్న కోతలా, వానలా? పురుడు ఎవరు పోశారు? గాంధీగారు పోయిన కబురు విన్నప్పుడు మీరు ఎక్కడున్నారు? నాగార్జునసాగర్‌కి నెహ్రూగారు పునాదిరాయి వేసినప్పుడు, అంటే 1955 డిసెంబరులో, మీకు పెళ్లయిందా? దివిసీమ ఉప్పెన నాటికి, 1977 నవంబరులో, చిన్నవాడు ఏ క్లాసు? కృష్ణా పుష్కరాలకు వెళ్తే ఎవరిని ఎత్తుకుని వెళ్లారు? పుష్కరాలకు 1980, 1992, 2004, 2016 అని వరుస ఉంది కాబట్టి అది మంచి కొక్కెం. ఒక్కో జవాబుతో ఒక్కో హద్దు పడుతుంది. ఇంతకు ముందు కాదు, ఇంతకు తర్వాత కాదు. హద్దులు దగ్గరవుతున్న కొద్దీ మీ చేతిలో నిజం చిక్కబడుతుంది.

ఫోన్లో రికార్డు చేస్తుంటే చెప్పి చేయండి. పెద్దవాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో సరిదిద్దకండి. వాళ్లు 1950 అన్నా, అది 1948 అని మీకు తెలిసినా ఆగండి, కథ పూర్తి కానివ్వండి. రెండు మాటలు పొసగకపోతే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి. జరిగిన రోజులకు దగ్గరగా రాసిన కాగితానికి ఎక్కువ విలువ ఇవ్వండి, అది ఎందుకోసం రాసిన కాగితమో కూడా చూడండి. ఆస్తి కోసం రాసిందా, ఉద్యోగం కోసమా, పింఛను కోసమా? పెన్సిలుతో మొదలుపెట్టండి. ‘నాకు తెలుసు’ అన్నచోట సిరా వాడండి, ‘అనుకుంటున్నాను’ అన్నచోట పెన్సిలే ఉంచండి. తెలిసినదాన్నీ అనుకునేదాన్నీ వేరుచేసి చెప్పగల మనిషి మాటను ఇంట్లోనూ ఆఫీసులోనూ జనం నమ్ముతారు. తమ్ముడితో పొలం గట్టు మాటైనా, పై అధికారికి ఇచ్చే రిపోర్టైనా ఇదే అలవాటు పనిచేస్తుంది. వంశవృక్షం దగ్గర దాన్ని పెంచుకోవడం తేలిక, ఎందుకంటే అక్కడ మీ ఎదురుగా కూర్చున్నది మిమ్మల్ని ప్రేమించే మనిషి.

వేడుక అయిన సాయంత్రం నోట్‌బుక్ అత్తయ్యకు చదివి వినిపించాను. అందరివీ విన్నది. అన్నదమ్ముల పుట్టుకలు, పోయిన తిథులు, కోడళ్ల పుట్టిళ్లు, అన్నీ ఆమె చెప్పినవే. విన్నాక కొంగు సర్దుకుంటూ ‘మరి నాది రాశావురా?’ అంది. ఎనభై ఆరేళ్ల మనిషి. ఆధార్‌లో ఆమెకు జనవరి 1 అని ఉంటే, అదే చాలనుకుని ఎవరం అడగలేదు. ఆమె పక్కనే నేల మీద కూర్చుని, కొత్త పేజీ తిప్పి అడిగాను. ‘ధాత. జొన్న కోతలు. మా అమ్మ చేలోంచి వస్తూ నొప్పులు పడిందట’ అంది. ధాత 1936లో మొదలైనా, జొన్న కోతల నాటికి 1937 వచ్చేసింది. పెన్సిలుతో ‘షుమారు 1937 జనవరి–ఫిబ్రవరి, జొన్న కోతలప్పుడు, తల్లి చెప్పగా విన్నది’ అని రాసి చూపించాను. చదువు రాని అత్తయ్య ఆ వరుస మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా జరుపుకుంటూ పోయింది.